సవరణ: పాలిష్‌కూ సీలెంట్‌కూ మధ్య చేయాల్సిన పని

కారుకు లైట్ పాలిష్ అయిన వెంటనే సీలెంట్ (పెయింటును కాపాడే పూత) పూయవచ్చని కిందటి టపాలో రాశాను. ఆ రెండింటి నడుమ చేయాల్సిన పని ఒకటుంది, ఇక్కడ చేరుస్తున్నాను.

పాలిష్‌లోని నూనెలు పెయింటు మీద పలుచగా మిగిలిపోతాయి. సీలెంట్ సింథటిక్ పాలిమర్. అది పెయింటును నేరుగా పట్టుకోవాలి, నూనె మీద నిలవదు. అందుకే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మైక్రోఫైబర్ గుడ్డపై చల్లి ముందు తుడవండి. తుడిచాక సన్నని గీతలు మళ్లీ తేలితే కంగారుపడకండి. అవి పోలేదు, నూనె వాటిని కప్పిపెట్టింది, అంతే.

నెలనెలా పాలిష్ పట్టించవచ్చా అని అడిగారు. వద్దు. పాలిష్ పెయింటుకు ఏదీ అద్దదు, రంగు పైనుండే పారదర్శక పొరను, అంటే క్లియర్ కోటును, కాస్త అరగదీస్తుంది. ఆ పొర మందం సాధారణంగా 50 మైక్రాన్ల లోపే! సీలెంట్ తగ్గితే సీలెంటే మళ్లీ పూయండి.

తిరుపతి ఎండలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. బానెట్ మీద చెయ్యి చురుక్కుమంటే సీలెంట్ చారలు చారలుగా ఎండిపోతుంది. కొండపైన వాహన పూజ చేయించేవారు, డబ్బాపై రాసిన ఆరే గడువు దాటాకే పసుపు, కుంకుమ పెట్టించండి. తర్వాత వాటిని పొడిగుడ్డతో రుద్దకుండా నీళ్లు పోసి కడగండి.