ఇసుకలో జరిగింది, హాల్లో అంటగట్టారు

నార్వే మహిళల హ్యాండ్‌బాల్ జట్టు కథ మీ ఫోన్‌కీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఒక్కో గ్రూపులో ఒక్కో రకంగా తిరుగుతుంది గానీ సారాంశం ఇది: టోక్యో ఒలింపిక్స్‌లో బికినీ వేసుకోనన్నందుకు యూరప్ చాంపియన్లయిన నార్వే అమ్మాయిలకు భారీ జరిమానా వేశారు, పతకం కూడా లాక్కున్నారు, యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లు ఇప్పటికీ బికినీల్లోనే ఆడాలి, అసలు ఆ ఆటను జనం చూసేదే అందుకు. పోయిన వారం మా స్కూల్ బ్యాచ్ గ్రూపులో ఇది మళ్లీ వచ్చింది. కింద వరసగా నవ్వు బొమ్మలు. హైస్కూల్లో మట్టి గ్రౌండు మీద హ్యాండ్‌బాల్ ఆడినదాన్ని, మోకాళ్ల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. ఊరుకోలేకపోయాను.

జరిమానా వేసిన మాట నిజమే. అది సిగ్గుమాలిన జరిమానా అన్నదీ నిజమే. మిగతాదంతా పాలలో నీళ్లు కలిపిన వ్యవహారం.

మొదట, ఒలింపిక్స్. ఇది టోక్యోలో జరగలేదు. బల్గేరియాలో, నల్లసముద్రం ఒడ్డున ఉన్న వార్నా అనే ఊళ్లో, 2021 జూలై 18న జరిగింది. ఒలింపిక్స్ మొదలైంది జూలై 23న. ఒకే వారంలో రెండు వార్తలూ రావడంతో ఎవరో కలిపేశారు. వార్నాలో జరిగింది యూరోపియన్ బీచ్ హ్యాండ్‌బాల్ చాంపియన్‌షిప్. బీచ్ హ్యాండ్‌బాల్ ఒలింపిక్స్‌లో లేనే లేదు.

రెండోది, "యూరప్ చాంపియన్ జట్టు". అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. మనం మామూలుగా హ్యాండ్‌బాల్ అనేది హాల్లో ఆడేది. కోర్టు పొడవు 40 మీటర్లు, వెడల్పు 20. జట్టుకు ఏడుగురు, అందులో ఒకరు గోల్‌కీపర్. ముప్పై నిమిషాల చొప్పున రెండు సగాలు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా అంతే. గోల్ ముందుండే ఆరు మీటర్ల గీత దగ్గర పివట్‌గా, అంటే ఎదుటి జట్టు డిఫెండర్ల మధ్య ఆడే ప్లేయర్‌గా నిలబడితే ఇద్దరు డిఫెండర్లు మీద పడి ఉంటారు. ఊపిరి తీసుకోవడమే ఒక పని. బీచ్ హ్యాండ్‌బాల్ వేరే ఆట. ఇసుకలో, ఉత్త కాళ్లతో, 27 మీటర్ల కోర్టులో జట్టుకు నలుగురు. పది నిమిషాల సెట్లు రెండు, చెరొకటీ గెలిస్తే షూటౌట్. గాల్లో గిర్రున తిరిగి వేసిన గోల్‌కు రెండు పాయింట్లు. చూడ్డానికి భలే ఉంటుంది, కాదనను. కానీ క్రికెట్ జట్టుకూ గల్లీలో టెన్నిస్ బాల్ ఆడే జట్టుకూ ఎంత సంబంధమో వీటికీ అంతే. ప్లేయర్లు వేరు, కోచ్‌లు వేరు, టోర్నీలు వేరు.

2020 డిసెంబరులో డెన్మార్క్‌లోని హెర్నింగ్‌లో ఫ్రాన్స్‌ను 22–20తో ఓడించి యూరప్ చాంపియన్ అయిన నార్వే జట్టు హాల్లో ఆడే జట్టు. కోవిడ్ వల్ల ప్రేక్షకులు లేకుండానే ఆ ఫైనల్ ఆడారు, మామూలు జెర్సీలు, మామూలు షార్ట్స్‌లో. బీచ్ జట్టుకు జరిమానా పడిన ఆ నెలలోనే ఈ జట్టు టోక్యోలో ఉంది. అక్కడా షార్ట్స్‌లోనే ఆడింది, స్వీడన్‌ను ఓడించి కాంస్యం తెచ్చుకుంది. ఇక పతకం ఎవరు లాక్కున్నట్టు?

బీచ్ జట్టు పతకం సంగతా? అది ఎవరూ రద్దు చెయ్యలేదు. కాంస్య పతకం మ్యాచ్‌లో స్పెయిన్ చేతిలో ఓడిపోయారు. అంతే.

"భారీ జరిమానా" అన్నది కూడా చూద్దాం. తలకు 150 యూరోలు, పదిమంది ప్లేయర్లకు మొత్తం 1,500. అప్పటి లెక్కలో లక్షా ముప్పై వేల రూపాయల దాకా. ఒక దేశపు క్రీడా సమాఖ్యకు అది పెద్ద మొత్తం కాదు. ఆ డబ్బు తామే కడతామని నార్వే సమాఖ్య ముందే చెప్పింది. అమెరికా గాయని పింక్ కూడా కడతానంది. గొడవ ముదిరాక, ఆ సొమ్మును క్రీడల్లో ఆడవాళ్ల సమానత్వం కోసం పనిచేసే సంస్థకు ఇస్తామని యూరోపియన్ హ్యాండ్‌బాల్ సమాఖ్య ప్రకటించాల్సి వచ్చింది. మొత్తం చిన్నదని తప్పు చిన్నదైపోదు. కానీ "భారీ" అని రాసినవాళ్లకు అసలు తప్పు ఎక్కడుందో పట్టలేదు.

అసలు తప్పు ఆ రూల్‌లో ఉంది. బీచ్ హ్యాండ్‌బాల్‌లో మగవాళ్లు మోకాలికి పది సెంటీమీటర్లు పైదాకా వచ్చే షార్ట్స్ వేసుకోవచ్చు. ఆడవాళ్ల బికినీ మాత్రం పక్కన పది సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు, పైగా ఏ కోణంలో కత్తిరించి ఉండాలో కూడా రాసిపెట్టారు. రెండింటిలోనూ పదే సెంటీమీటర్లు, ఆ పదిని ఎక్కడ కొలిచారో చూడండి. ఈ రూల్ రాసింది యూరప్ సమాఖ్య కాదు, అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య. యూరప్ సమాఖ్య దాన్ని అమలు చేసింది. మార్చే అధికారం మాది కాదని చేతులు దులుపుకుంది. నార్వే వాళ్లు 2006 నుంచీ దీని మీద అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. వార్నాలో ముందు మ్యాచ్‌లు బికినీలతోనే ఆడి, చివరి మ్యాచ్‌కు కావాలనే షార్ట్స్ వేసుకుని దిగారు. జరిమానా పడుతుందని తెలిసే చేసిన పని అది.

"వాళ్ల నాగరికత ఇదీ" అని వెక్కిరించేవాళ్లకు ఇంకో సంగతి. ఆ సెప్టెంబరులో నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్, ఈ ఐదు దేశాల క్రీడా మంత్రులు రూల్ మార్చమని అంతర్జాతీయ సమాఖ్యకు ఉత్తరం రాశారు. ఆ అక్టోబరులోనే రూల్ మారింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు బీచ్‌లో కూడా ఆడవాళ్లు పొట్టి షార్ట్స్‌లో ఆడొచ్చు. అవి ఒంటికి అతుక్కుని ఉండాలన్న షరతు మాత్రం ఉంచారు. మగవాళ్లకు లేని షరతు. కాబట్టి సమస్య పూర్తిగా తీరిందని నేను అనను. "ఇప్పటికీ బికినీల్లోనే ఆడాలి" అన్నది మాత్రం అబద్ధం. హాల్లో ఆడే యూరో చాంపియన్‌షిప్‌కైతే ఇది ఎప్పుడూ వర్తించలేదు.

ఇక నన్ను ఎక్కువ మండించిన మాట: జనం చూసేదే అందుకని.

మహిళల యూరో, అంటే హాల్లో ఆడే యూరోపియన్ చాంపియన్‌షిప్, 1994లో జర్మనీలో మొదలైంది. రెండేళ్లకోసారి జరుగుతుంది. 12 జట్లతో మొదలై, 2002లో 16 అయ్యాయి, 2024లో 24. ఆడేవాళ్లు పెరుగుతున్న టోర్నీ ఇది. మొదటి రెండు టైటిళ్లూ డెన్మార్క్‌వి. ఆ తర్వాత నార్వే హవా: జరిగిన పదహారింటిలో పది వాళ్లవే. 2024 డిసెంబరులో వియన్నాలో డెన్మార్క్‌ను 31–23తో ఓడించింది పదోది. పదిహేనేళ్లుగా ఆ జట్టు కోచ్‌గా ఉన్న ఐస్‌లాండ్ మనిషి థోరిర్ హెర్గీర్సన్ అక్కడితో సెలవు తీసుకున్నాడు.

నాకు మాత్రం 2012 ఇష్టం. మాంటెనెగ్రో అనే దేశం స్వతంత్రమైందే 2006లో. జనాభా ఆరు లక్షల పైచిలుకు, సుమారుగా మన గుంటూరు నగరమంత. ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో వాళ్లు నార్వే చేతిలో 26–23తో ఓడారు. నాలుగు నెలలకే బెల్‌గ్రేడ్‌లో యూరో ఫైనల్, ఎదురుగా మళ్లీ నార్వే. అరవై నిమిషాలకు సమం. అదనపు సమయం ఇచ్చారు, మళ్లీ సమం. రెండోసారి అదనపు సమయం. చివరికి 34–31, మాంటెనెగ్రో గెలిచింది. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది ఆ జట్టు ప్లేయర్ బొయానా పొపోవిచ్. ఎనభై నిమిషాల ఆటలో ఎవరైనా బట్టల కొలతలు చూస్తూ కూర్చుంటారా?

ఇదంతా గ్రూపులో పెట్టాను, ఇంత పొడుగ్గా కాదు లెండి. మెసేజ్ పంపిన మా క్లాస్‌మేట్ దాన్ని డిలీట్ చెయ్యలేదు. కాసేపటికి ఒకటే ప్రశ్న పెట్టింది: "సరే గానీ, ఈ మాంటెనెగ్రో ఎక్కడుందే?"