గింజలేని ద్రాక్షా? వంశం గతేం కాను!

జాతికి పెనుముప్పు పొంచి ఉంది. ద్రాక్ష సీజన్ రాగానే కుటుంబ వాట్సాప్ గ్రూపులు ఈ హెచ్చరిక జారీ చేస్తాయి: గింజలేని పండు తింటే సంతానం కలగదట. ‘పండుకే విత్తనం లేనప్పుడు తిన్నవాడికి ఎక్కణ్ణించి వస్తుంది?’ అన్నది అందులోని శాస్త్రం. ఈ లెక్కన బోన్‌లెస్ చికెన్ తిన్నవాళ్లంతా ఈపాటికి నేలమీద పాకుతూ ఉండాలి.

ఈ శాస్త్రం వినాలంటే పెళ్లి భోజనాల బంతిలో కూర్చోవాలి. పక్కన ఒక బాబాయిగారు చక్కెరకేళి ఒలుస్తూ మొదలుపెడతారు. సీడ్‌లెస్ పుచ్చకాయ విదేశీ కుట్ర. ఒక ముక్క కొరుకుతారు. ద్రాక్షకి ఇంజక్షన్ ఇచ్చి గింజని చంపేస్తున్నారు. ఇంకో ముక్క. ‘మా కాలంలో ఎక్కడివయ్యా ఇవన్నీ!’ అంటూ రెండో పండు అందుకుంటారు.

అయ్యా, తమరి చేతిలో ఉన్నదానికీ గింజ లేదు! మధ్యలో ఆ నల్లచుక్కలు విత్తనం కాలేకపోయిన అండాలు. మనం తినే చాలా అరటి రకాల్లో క్రోమోజోములు మూడు సెట్లు, మొత్తం 33. సమానంగా పంచుకోవడం కుదరక గింజ కట్టదు. రైతు సూది పిలక తవ్వి నాటుకుంటాడు. ఆ కుట్ర పుచ్చకాయకీ 33 క్రోమోజోములే. జపాన్‌లో హితోషి కిహారా అనే జన్యుశాస్త్రవేత్త 1951లో ప్రచురించిన పద్ధతి అది. తల్లి మొక్కకి మొలక దశలో కాల్చిసిన్ అనే రసాయనం పట్టించి క్రోమోజోములు రెట్టింపు చేస్తారు, తర్వాత దాన్ని మామూలు రకంతో సంకరం చేస్తారు. అలా పుట్టిన మూడు సెట్ల విత్తనం రైతు ఏటా కొనాల్సిందే. పక్కన గింజల రకం కూడా వేయాలి, దాని పుప్పొడి తేనెటీగలు మోసుకొస్తేనే కాయ ఊరుతుంది. పాపం, కుట్రకి కూడా ఈగల దయ కావాలి. ఇక గింజలేని రకమైన థాంప్సన్ ద్రాక్షలో గింజ మొదలై, లేతగా ఉండగానే ఆగిపోతుంది. అది ఆ రకం గుణం. గుత్తుల్ని జిబ్బరెల్లిక్ ఆమ్లమనే మొక్కల హార్మోనులో ముంచేది కాయ సైజు పెరగడానికి.

భయపడటమే సరదా అయితే అసలు భయం వేరే ఉంది. పిలకలతో పెంచిన తోటంతా జన్యువుల్లో ఒకే చెట్టు, ఒకదాన్ని పడగొట్టే తెగులు అన్నిటినీ పడగొడుతుంది. ఒకప్పుడు ప్రపంచమంతా తిన్న గ్రో మిషెల్ అరటి, నేలలోని శిలీంధ్రం తెచ్చే పనామా తెగులుకి ఎగుమతి మార్కెట్లోంచే పోయింది. దాని స్థానంలోకి వచ్చిన కావెండిష్ రకాలకి, అంటే అందులోదైన మన గ్రాండ్ నైన్‌కి కూడా, ఇప్పుడు ఆ తెగులులో కొత్త రకం పట్టుకుంది. బీహార్‌లో, యూపీలో కనిపించింది. దీనిమీద ఒక్క ఫార్వర్డూ లేదు.

అన్నట్టు, అదే పెళ్లిలో తాంబూలంలో రెండు అరటిపండ్లు పెట్టి ‘సంతాన ప్రాప్తిరస్తు’ అన్నది కూడా ఆ బాబాయిగారే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ పెళ్లై మూడేళ్లయిన కోడలి చేతిలోంచి ద్రాక్ష గుత్తి లాక్కుని, ‘ఇవి తినే నీ కడుపు పండలేదు’ అనే ఇళ్లున్నాయి. ఆ పిల్లకి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ఉపవాసాలు, బాబాల తాయెత్తులు. కారణం మగవాడిలోనూ ఉండొచ్చని డాక్టరు చెబితే మాత్రం డాక్టర్నే మారుస్తారు. సిగ్గుండక్కర్లేదా? ఆమె పళ్లెంలో గింజలు వెతికే ముందు మీ కొడుకుని ల్యాబ్‌కి పంపండి. రిపోర్టు వచ్చాక ద్రాక్ష సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం.