నడవాల్సింది జనమా, కలెక్టరా?

దక్షిణ ఒడిశాలో, రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఒక ఊరేగింపు ఎలా ముగుస్తుందో ఇక్కడివాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొద్దున్నే కొండ దిగినవాళ్లు ఎండ నడినెత్తికొచ్చే వేళకి కలెక్టరాఫీసు గేటు దగ్గరికి చేరతారు. గేటుకి అడ్డంగా వెదురు బొంగులు. పక్కన ఓ కానిస్టేబుల్ సెల్‌ఫోన్లో వీడియో తీస్తుంటాడు. ఒడియాలో నాలుగు నినాదాలు, కోంధుల భాష కువిలో ఒక పాట, డప్పు. చాలాసేపటికి ‘ఐదుగురు లోపలికి రండి’ అని కబురొస్తుంది. సారు మీటింగులో ఉంటారు కాబట్టి ఆయన కింది అధికారి ఎవరో కాగితం పుచ్చుకుంటారు. ఒక ఫొటో. మిగిలినవాళ్లు చెట్టు కింద అటుకులు తిని, చంటిపిల్లల్ని వీపుకి కట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోతారు. ఆ కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు వేశారా అని అడిగేవాడు ఆ ఐదుగురిలో ఒక్కడున్నా గొప్పే.

ఊరేగింపులు తగ్గాలని నేననను, ఇంకా పెరగాలి. నా పేచీ అవి వెళ్తున్న దిక్కుతోనే. రాజ్యాంగం వచ్చి డెబ్భై అయిదేళ్లు దాటింది, ఇప్పటికీ జనమే ఆఫీసు వైపు నడుస్తున్నారు. ఆఫీసు జనం వైపు నడిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో అన్నిటికంటే పెద్దది మన గుమ్మం ముందే జరిగింది. దాని నుంచి మనం నేర్చుకున్నది మాత్రం సున్నా.

రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరి కొండ కథ అందరికీ తెలిసిందే. కొండ కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా శుద్ధి కర్మాగారం, కొండ మీద దానికి కావలసిన ముడి ఖనిజం బాక్సైట్, ఆ కొండనే నియమరాజుగా కొలిచే డోంగ్రియా కోంధులు. ఏళ్ల తరబడి నడిచారు, కొండ చుట్టూ చేయీ చేయీ పట్టుకుని మానవహారం కట్టారు, కోర్టులకెక్కారు. చివరికి 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఈ తవ్వకం వల్ల వాళ్ల దేవుడికి, అడవి మీద వాళ్ల హక్కుకి భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే చూడాలి, జిల్లా జడ్జి హోదా ఉన్న అధికారి పరిశీలకుడిగా ఉండాలి.

అసలు ముచ్చట ఆ తర్వాతదే. ఆ ఏడాది జులై 18 నుంచి ఆగస్టు 19 దాకా, నడి వానాకాలంలో, జడ్జీలూ అధికారులూ జవాన్లూ విలేఖరులూ బురదలో కాళ్లీడ్చుకుంటూ కొండెక్కారు. రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు పల్లిసభలు (ఒడిశాలో పల్లె స్థాయి గ్రామసభని అలాగే అంటారు). కొండ మీద వందకి పైగా పల్లెలుండగా ప్రభుత్వం పన్నెండే ఎంచుకుంది. తమకి అనుకూలమైనవే ఏరుకున్నారని ఉద్యమకారులు గోల పెట్టారు కూడా. ఆ పన్నెండిట్లో ఇజురుపా అనే చోట ఉన్నది ఒకే ఒక్క కుటుంబం, అదీ డోంగ్రియా కుటుంబం కాదు. ఆ ఇల్లూ వద్దనే చెప్పింది. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. సభలు మళ్లీ పెట్టించాలని వేసిన పిటిషన్‌ని 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇందులో మలుపు ఎక్కడుందో చూడండి. కొండ దిగి కలెక్టరాఫీసుకొచ్చినప్పుడు ఆ ఆడవాళ్లు ‘అర్జీదారులు’. వాళ్ల పల్లెలో, వాళ్ల చెట్టు కింద, వాళ్ల భాషలో మాట్లాడినప్పుడు వాళ్లే సభ. ఆఫీసర్లు వాళ్ల ముందు కూర్చుని రాసుకున్నారు. అర్జీని ఫైల్లో పడేసి మర్చిపోవచ్చు. సభ తీర్మానాన్ని అలా పడేస్తే సుప్రీంకోర్టు అడుగుతుంది. నడక గెలిచింది నిజమే గానీ, దిక్కు మార్చుకున్నాకే గెలిచింది.

దిక్కు మారకపోతే ఏమవుతుందో కూడా ఈ జిల్లాలకి బాగా తెలుసు. 1942 ఆగస్టు 21న, క్విట్ ఇండియా రోజుల్లో, ఆదివాసీ నాయకుడు లక్ష్మణ్ నాయక్ జనాన్ని వెంటబెట్టుకుని మత్తిలి పోలీస్‌స్టేషన్‌కి నడిచాడు. కాల్పులు జరిగాయి. ఆ గొడవలో చనిపోయిన ఒక అటవీ ఉద్యోగి హత్యని ఆయన మీదే మోపి 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. అది తెల్లవాడి రాజ్యం కదా అంటారు. సరే, 2000 డిసెంబరు 16న కాశీపూర్ బ్లాకు మైకాంచ్‌లో పోలీసు తూటాలకి ముగ్గురు ఆదివాసీలు పోయినప్పుడు ఎవడి రాజ్యం నడుస్తోంది?

మహారాష్ట్ర ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. 2018 మార్చిలో నాసిక్ నుంచి ముంబయికి వేలాదిమంది రైతులు నూట ఎనభై కిలోమీటర్లు నడిచారు, ఎక్కువమంది అటవీ భూమికి పట్టాలడిగే ఆదివాసీలే. చివరి రాత్రి నిద్ర మానుకుని ఆజాద్ మైదానం చేరారు, తెల్లారితే పదో తరగతి పిల్లలు పరీక్షకి వెళ్లాలి, వాళ్లకి ట్రాఫిక్ టెన్షన్ ఉండకూడదని. ఆ మర్యాద చూసి ముంబయి నగరమే చలించింది. ప్రభుత్వం రాతపూర్వకంగా హామీలిచ్చింది. మళ్లీ 2023 మార్చిలో అదే నాసిక్ జిల్లా నుంచి నడక మొదలుపెట్టాల్సొచ్చింది. అంత మర్యాదగల నడకకి దక్కింది మంత్రిగారి కాగితం. నియమగిరికి దక్కింది సొంత సభ తీర్మానం రాసిన రిజిస్టరు. రెండిటికీ తేడా ఐదేళ్లలోనే తేలిపోయింది.

ఊరేగింపులంటే గిట్టనివాళ్ల వాదన కూడా ఉంది. రోడ్డు మీదికొస్తే అంబులెన్సు ఆగిపోతుంది, సంతరోజు బేరం పోతుంది, అభివృద్ధి వెనక్కి పోతుంది అంటారు. రోడ్డుని నిరవధికంగా ఆక్రమించే హక్కు ఎవరికీ లేదని 2020లో ఢిల్లీ షాహీన్‌బాగ్ ధర్నా కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. ఒప్పుకుంటాను. పన్నెండు గంటల బంద్ పెట్టి షట్టర్లు దింపించడం నాకూ నచ్చదు. కానీ సభ ఊళ్లోనే జరిగితే రోడ్డెక్కే పనేముంది? ట్రాఫిక్ మీద నిజంగా అంత బెంగ ఉన్నవాళ్లు అందరికంటే ముందు గ్రామసభలు సవ్యంగా జరపమని అడగాలి. అడగరు. వాళ్ల బెంగ ట్రాఫిక్ గురించి కాదు మరి.

గ్రామసభకి బలం ఉందని తెలిశాక అవతలివాళ్లు ఊరుకోరు, ఇది కూడా చెప్పుకోవాలి. రాయగడ, కలహండి జిల్లాల్లోనే బాక్సైట్ తవ్వాలనుకుంటున్న సిజిమాలి కొండ విషయంలో ఇప్పుడు నడుస్తున్న తగువంతా దాని చుట్టూనే. గ్రామసభలు జరిగాయి, ఒప్పుకున్నాయి అని కాగితాలు చెబుతున్నాయి. అసలు జరగనేలేదు, సంతకాలు మావి కావు అని ఊళ్లవాళ్లు అంటున్నారు. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మందికి తగ్గకుండా హాజరవ్వాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. ఈ రెండు లెక్కలు ప్రతి ఊళ్లో గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటే, తీర్మానం నకలు ఆ సాయంత్రమే స్కూలు గుమ్మానికి అంటిస్తే, తగువు కోర్టు దాకా పోయే పనే లేదు. ఊరేగింపు బ్యానర్ల మీద నేను చూడాలనుకునే డిమాండ్లు ఇవే. ‘మా గోడు వినండి’ అన్నది బతిమాలడం. ‘ఫలానా తేదీన మా ఊరొచ్చి సభ పెట్టండి, మినిట్స్ చదివి వినిపించండి’ అంటే చట్టం అడగడం.

ఇక మన సంగతి. రాయగడ, గుణుపురం, జయపురం, బరంపురం తెలుగువాళ్లం ఊరేగింపు వస్తోందంటే షట్టరు సగం దించి, అరుగు మీద నిలబడి చూస్తాం. ‘పరాయి రాష్ట్రం, మనకెందుకొచ్చిన గొడవ’ అంటాం. పరాయి ఎలా అయింది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు కదిలింది మన ఊళ్ల పేర్లే. చాలా కుటుంబాలు గుమ్మం కూడా దాటలేదు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టి సమ్మె నడిపిన మనిషి, తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. మనం ఆయన జయంతికి దండ వేస్తాం, కార్మికుల ఊరేగింపుకి మాత్రం తలుపేస్తాం. ఉగాదికి హాలు నింపగలిగిన తెలుగు సంఘాలు వంశధార ఒడ్డున ఉన్న తెలుగు పల్లెల్లో పల్లిసభకి ఎంతమంది వచ్చారో ఎప్పుడైనా కనుక్కున్నాయా? కొండ దిగొచ్చిన కోంధు ఆడవాళ్లు మన కొట్లోనే ఉప్పూ నూనే కొంటారు. వాళ్ల సభ గట్టిగా ఉంటే మన సభకీ బలం. ఇంత చిన్న లెక్క వ్యాపారస్తులకి తట్టకపోవడం విచిత్రం.

ప్రభుత్వాలకి అవసరం పడితే కొండ ఎక్కడం బాగానే వచ్చనడానికి, ఆంధ్ర, ఒడిశా రెండూ తమదేనంటున్న సరిహద్దు ప్రాంతం కొటియా చాలు. అటు సాలూరు, ఇటు పొట్టంగి, మధ్యలో ఇరవై ఒక్క పల్లెలు. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగాదా 2006లో ఎటూ తేలకుండా ముగిసింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెట్టింది, ఒడిశా ధిక్కరణ కేసు వేసింది. ఒకరు రోడ్డేస్తే ఇంకొకరు బోర్డు పెడతారు, రెండు రాష్ట్రాల కార్డులూ ఇళ్లకే వస్తాయి. ఆస్తి తగాదాలో మేనమామలు పోటీలు పడి పిల్లాడికి మిఠాయి కొనిపెట్టినట్టుంటుంది వ్యవహారం. ఇద్దరూ అంత దూరం వెళ్తున్నారు గానీ ‘మీకేం కావాలి’ అని ఆ ఇరవై ఒక్క ఊళ్లనీ కూర్చోబెట్టి రాసుకోవడం ఇద్దరికీ తోచలేదు. నియమగిరిలో పెట్టిన బల్లా కుర్చీలే అక్కడా సరిపోతాయి.

పల్లెల గురించి ఇంత చెప్పాక, నన్ను ఎక్కువగా కుదిపే సంగతి పట్నానిది. రాయగడ మున్సిపాలిటీలో ఉండే తెలుగు మేష్టారికి, డోంగ్రియా పల్లెలో చదువురాని ఆడమనిషికున్నంత హక్కు కూడా లేదు. అతిశయోక్తి అనిపిస్తే చట్టం తిరగేయండి. పల్లె ఓటర్లందరినీ కలిపి గ్రామసభ అని రాజ్యాంగం పేరు పెట్టి మరీ గుర్తించింది. పట్నం ఓటర్లందరూ కూర్చునే సభ అన్న మాటే అందులో లేదు. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలుండాలని చెప్పి ఊరుకుంది. ఆ లెక్కన బరంపురానికి కమిటీ రాసిపెట్టి ఉంది, రాయగడకి, పర్లాకిమిడికి అదీ లేదు. సంత స్థలం మార్చినా, మురుక్కాలువ మన ఇంటి మీదికి తిప్పినా, పట్నంవాడు చేయగలిగింది అర్జీ పట్టుకుని నడవడమే. అందుకే పట్నంలో ఊరేగింపులు ఎన్ని జరిగినా ఉత్త చేతులతో తిరిగొస్తాయి. వాటిని నడిపించడానికి ఒక చోటంటూ లేదు.

ఆ చోటు అడిగి తెచ్చుకోవాలి. ఏడాదికి రెండుసార్లు వార్డు ఓటర్ల సభ, కౌన్సిలరూ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరూ అక్కడికే రావడం, ఇంతమంది లేకపోతే సభ చెల్లదన్న నియమం, నోటీసు ఒడియాలోనూ తెలుగులోనూ. రాష్ట్రం తలుచుకుంటే తన మున్సిపల్ చట్టంలోనే పెట్టొచ్చు, రాజ్యాంగం దిద్దే పనిలేదు. హైస్కూలు మైదానాలు ఖాళీగానే ఉన్నాయి. 2022లో ఎన్నికైన పంచాయతీల, మున్సిపాలిటీల గడువు 2027లో తీరుతుంది. అభ్యర్థులు మళ్లీ మన వీధుల్లోకి దండాలు పెట్టుకుంటూ వస్తారు. వార్డు సభ పెడతారా, రాసిస్తారా అని అప్పుడు తెలుగులోనే అడగొచ్చు. ఓట్లడిగే నెలలో వాళ్లందరికీ తెలుగు బాగానే అర్థమవుతుంది.