పాత స్పీకర్లు బాగుచేసుకునే బరంపురం పెద్దలకు ఒక విన్నపం

ఒడిశాలోని మా బరంపురంలో రిటైరైన తెలుగువాళ్లకు ఈ మధ్య కొత్త పని దొరికింది. అటక మీద నుంచో, కలకత్తాలో ఇల్లు ఖాళీ చేస్తున్న బంధువు దగ్గర నుంచో ఒక జత పాత సౌండ్ బాక్సులు తెప్పించుకోవడం, వాటికి ప్రాణం పోయడం, పోశాక నలుగురినీ కూర్చోబెట్టి "ఆ రోజుల్లో సౌండే వేరు బావగారూ" అనడం. సత్కార్యమే, కాదనను. కాకపోతే దీనికో పద్ధతి లేకుండా పోయింది, ఎవరికి తోచినట్టు వాళ్లు గతాన్ని రిపేరు చేసేస్తున్నారు.

ముందు రోగం సంగతి. 1970ల నుంచి వచ్చిన చాలా స్పీకర్లలో అదిరి శబ్దం చేసే పేపరు చుట్టూ ఉండే మెత్తటి అంచు పాలియురిథేన్ ఫోము. వాడినా వాడకపోయినా కొన్నేళ్లకు అది పొడిపొడిగా రాలిపోతుంది, గోపాలపూర్ సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలికి ఇంకా తొందరగా. అంతకుముందు, 1958లో అమెరికా కంపెనీ అకౌస్టిక్ రీసెర్చ్ తెచ్చిన ఏఆర్-3 బాక్సులో ఊఫరుకు, అంటే లోతైన శబ్దం (బేస్) పలికే పెద్ద స్పీకరుకు, గుడ్డ అంచు ఉండేది, అది ఇప్పటికీ చాలావాటిలో బతికే ఉంది. పురోగతి అంటే ఇదే కాబోలు. సరే, కుళ్లిన ఫోము గీకి కొత్త రింగు అతికించాలి, జిగురు ఆరేలోపు పేపరును కదిలించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) సందులో సన్నటి ఫిల్ము ముక్కలు దోపి దాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టాలి, లేకపోతే కర్రుకర్రుమని రాసుకుంటుంది. సన్నటి శబ్దాలను ట్వీటర్ అనే చిన్న స్పీకరుకు, లోతైనవాటిని ఊఫరుకు పంచే సర్క్యూట్ అయిన క్రాసోవర్‌లో ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాలి. ఇంతవరకూ మెకానిక్ పని.

ఆ తర్వాత భక్తి మొదలవుతుంది. కెపాసిటర్ మారిందో లేదో "ట్వీటర్ విచ్చుకుంది, తాళాల కొస కూడా వినపడుతోంది" అంటారు, వంటింట్లోంచి అత్తయ్యగారు మూడుసార్లు పిలిస్తే వినపడని అదే చెవితో. ఇక మాగ్నెట్టు ఆల్నికోది అని తెలిసిందా, ఆ బాక్సుకు కాళ్లు కడగడమే తరువాయి. ఆల్నికో అంటే ఇనుములో అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన లోహం. 1978లో ఇప్పటి కాంగో, అప్పటి జైర్‌లోని షాబాలో యుద్ధం జరిగి కోబాల్టు ధర చుక్కలనంటేసరికి కంపెనీలు చవకైన ఫెరైటు అనే సిరామిక్ మాగ్నెట్టుకు మారిపోయాయి. ఆఫ్రికాలో జరిగిన ఆ గొడవకు మా వీధి మావయ్యలు ఇప్పటికీ కోలుకోలేదు, ఫెరైటు పేరెత్తితే ముఖం తిప్పుకుంటారు.

నా అభ్యంతరం ఒక్కటే. ఆ రోజుల్లో ఈ బాక్సులు ఎవరింట్లో ఉండేవండీ? మా వీధిలో ఒక్కరింట్లోనూ లేవు. మనందరి చెవుల్లో పడి పెరిగింది రెండేళ్లకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రకు కరెంటు స్తంభానికి కట్టే మైకు గొట్టం. ముందు ఒడియాలో, ఆ తర్వాత తెలుగులో, నీలం చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడని చెప్పి, ఆ బాబు ఏడుపు కూడా వినిపించి, సగంలో ఆపిన పాట మళ్లీ పెట్టేవారు. ఆ మూతితో, ఆ పొడవుతో గొట్టానికి బేస్ పలకదు, మృదంగం టకటకమంటుంది. అలాంటి మనం ఇప్పుడు "ఆనాటి నిండు బేస్" అని కళ్లు మూసుకోవడం పక్కింటి పెళ్లిని మన పెళ్లిగా తలుచుకోవడమే.

కాబట్టి నిజంగా గతమే కావాలనుకునేవారు గొట్టాన్నే బాగుచేయించుకోవాలి. అది కూడా మరీ బాగుచేయించకూడదు, లోపల అదిరే డయాఫ్రం పొర చిరుగు మన వారసత్వం. పాటకు ముందు మైకులో రెండుసార్లు ఊది "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అనాలి, వెంటనే కూ... మని చెవులు చిల్లులు పడాలి. ఇందుకు ఖర్చేం లేదు, మైకును గొట్టానికి ఎదురుగా పెడితే గొట్టం చప్పుడే మళ్లీ మైకులో దూరి, తిరిగి తిరిగి అరుపై వస్తుంది. వినేవారు సోఫాలో కూర్చోరాదు, రెండు వీధుల అవతల, తెల్లారితే పరీక్ష ఉన్న పిల్లాడి పక్కన కూర్చోవాలి. పాట మధ్యలో కరెంటు పోవాలి, దీనికి మా ఊళ్లో ప్రత్యేకంగా ఏర్పాటు అక్కర్లేదు. చిక్కల్లా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలతోనే, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదన్నారు. అసలు యాత్ర పాటలు ఊపందుకునేదే ఆ వేళల్లో కదా! చట్టం కోసం ఆమేరకు త్యాగం చేద్దాం.

ఇదంతా రాసి మొన్న సాయంత్రం పెద్దలకు చదివి వినిపించాను. అందరూ చాలా సీరియస్‌గా విన్నారు, తలలు కూడా ఊపారు. చివర్లో ఒక మావయ్యగారు గొంతు సవరించుకుని, "బాగుంది బాబూ, ఇంతకీ ఆ గొట్టం యూనిట్‌లో మాగ్నెట్టు ఆల్నికోదేనా?" అన్నారు.