పాలరాతి మీద ఎవరి పేరు రాయాలి?

2014లో స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలో జరిగిన వేలంలో, పోప్ ఐదో పాల్ పాలరాతి బస్టు (తల నుంచి ఛాతీ దాకా ఉండే విగ్రహం) ఒకటి సుమారు 24 వేల యూరోలకు అమ్ముడుపోయింది. 17వ శతాబ్దపు ఇటలీ శిల్పి బెర్నినీ పనిని చూసి ఎవరో చెక్కింది అనుకున్నారు. మరుసటి ఏడాదే లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియం దాన్ని బెర్నినీ స్వయంగా చెక్కిన విగ్రహంగా కొన్నది. ధర 3.3 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. రాయి అదే, పేరు మారిందంతే.

ఈ పేరు సరైనదనే నా నమ్మకం. పండితులు చూడగానే గుర్తుపట్టారని కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలు దొరికాయి కనుక. 1621లో పోప్ చనిపోయాక ఆయన మేనల్లుడు కార్డినల్ షిపియోనె బోర్గీసె ఆ విగ్రహాన్ని చేయించాడు. 1893లో బోర్గీసె కుటుంబం అమ్మేసింది. దాని కంచు ప్రతి కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉంది కాబట్టి, పోయిన పాలరాయి ఎలా ఉండేదో అందరికీ తెలుసు. పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంది.

కంటినే నమ్ముకుంటే ఎక్కడ దెబ్బతింటామో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మరియా బార్బెరీని బస్టు చెబుతుంది. ఆమె మెడ చుట్టూ ఉన్న లేసు కాలర్‌ను దగ్గరగా చూడాలి. సన్నని డ్రిల్‌తో ఒక్కో రంధ్రం తొలిచి, రాతిని నిజంగానే గుడ్డలా చేశాడు శిల్పి. పక్కనే బార్బెరీని వంశ చిహ్నమైన తేనెటీగ. ఇంతటి పనితనం బెర్నినీది కాక ఇంకెవరిది అనిపిస్తుంది. అతని పనుల పాత జాబితాలోనూ అది చేరింది. కానీ ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే పేరు జూలియానో ఫినెల్లి. బెర్నినీ వర్క్‌షాపులో పనిచేసి, తర్వాత విడిపోయి సొంతంగా బతికినవాడు. గురువు శైలిని నేర్చుకోవడమే కాదు, ఇలాంటి సూక్ష్మమైన పనిలో అతన్ని మించినవాడు కూడా. అలాంటి చేతికి దక్కాల్సిన పేరు ఇంత కాలం యజమాని ఖాతాలో పడటం నాకు అన్యాయంగానే తోస్తుంది. అందుకే "అద్భుతంగా ఉంది, కనుక బెర్నినీదే" అనే వాదనను నేను ఒప్పుకోను.

చేతులు మారే కొద్దీ ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చెప్పే కాగితాల వరుస తెగిపోతే ఏమవుతుందో చూడాలంటే రక్షకుడైన క్రీస్తు బస్టు ఉంది. 1679లో, 80 ఏళ్ల వయసులో బెర్నినీ చెక్కి, స్వీడన్ రాణి క్రిస్టీనాకు వీలునామాలో రాసి ఇచ్చాడు. తర్వాత దాని జాడ పోయింది. 1972లో ఇర్వింగ్ లావిన్ అనే పండితుడు అమెరికాలోని నార్ఫోక్‌లో ఉన్న బస్టే అదన్నాడు. 2001లో రోమ్ శివారు సాన్ సెబాస్టియానో చర్చి మఠంలో మరొకటి బయటపడింది. రెండింటికీ పండితుల మద్దతు ఉంది. నా మొగ్గు రోమ్ విగ్రహం వైపే. అయినా ఆ మొగ్గు రుజువుతో సమానం కాదు. రాణి ఇంటి నుంచి ఈ రెండింటిలో ఒకదాని దాకా దారి చూపే పత్రం దొరికేదాకా, రెండు చోట్లా బోర్డు మీద "బెర్నినీ" అని కాక "బెర్నినీదని భావిస్తున్నది" అని రాయాలి. ఎందుకలా భావిస్తున్నారో కూడా ఆ బోర్డు మీదే ఉండాలి.