సవరణ: ఎల్ అలమెయిన్‌లో రోమెల్‌ను మొదట ఆపిందెవరు?

రెండో ప్రపంచ యుద్ధంలో, ఈజిప్టులోని ఎల్ అలమెయిన్‌లో జర్మన్ సేనాని రోమెల్‌ను ఆపింది బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ అని మొన్నటి పోస్టులో ఉంది. అది సగమే నిజం. 1942 జులైలో అక్కడ జర్మన్ల దూకుడుకు అడ్డుకట్ట వేసింది మరో బ్రిటిష్ సేనాని ఆకిన్‌లెక్. మాంట్‌గోమరీ అప్పటికింకా ఈజిప్టుకే రాలేదు. జులై 1న డెయిర్ ఎల్ షెయిన్ దగ్గర బ్రిటిష్ పక్షాన 18వ భారత బ్రిగేడ్ రోజంతా పోరాడి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఈ ముక్క చాలామంది రాయరు. ఎల్ అలమెయిన్‌కు ఉత్తరాన సముద్రం, దక్షిణాన ట్యాంకులు దాటలేని కత్తారా పల్లం. చుట్టుతిరిగి వెళ్లే దారే లేదు. పైగా మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి నుంచి బ్రిటిష్ విమానాలు, జలాంతర్గాములు జర్మన్ల సరఫరా ఓడల్ని ముంచేస్తుంటే, రోమెల్ టెన్షన్ అంతా పెట్రోలు గురించే.

మాంట్‌గోమరీ గెలిచింది అక్టోబరు 23న అక్కడే మొదలైన రెండో ఎల్ అలమెయిన్ యుద్ధం. దానితో అంతా తేలిపోయిందనడమూ ఎక్కువే. ఆఫ్రికాలో పోరు 1943 మే 13న ట్యునీసియాలో ముగిశాకే, జులైలో మిత్రదేశాలు సిసిలీలో దిగాయి.