ఊరి చివరి ఇళ్లు

అమెరికాలోని న్యూజెర్సీలో, ఊళ్లో కొత్త కట్టడాల ప్రతిపాదనలను విచారించే ప్లానింగ్ బోర్డు సమావేశమంటే మామూలు రోజుల్లో కుర్చీలు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. అఫర్డబుల్ హౌసింగ్ కింద, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి అందుబాటు ధరలో ఇచ్చేందుకు, అపార్ట్‌మెంట్లు కట్టే ప్రతిపాదన ఎజెండాలో ఉన్న రాత్రి మాత్రం హాలు చాలక జనం వరండాలో నిలబడతారు. ట్రాఫిక్ ఇంజనీరు పటం చూపిస్తూ, ఉదయం రద్దీ వేళలో అదనంగా ఎన్ని కార్లు రోడ్డెక్కుతాయో లెక్క చెబుతాడు. ఆ తర్వాత మైకు ముందు వరుస మొదలవుతుంది. మాట్లాడేవారిలో చాలామంది తొలి మాట ఒకటే: ఇలాంటి ఇళ్లకు మేము వ్యతిరేకం కాదు, కానీ ఈ చోటు తగినది కాదు. ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, వెస్ట్ విండ్సర్, ప్లెయిన్స్‌బరో వంటి ఊళ్లలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాయి కనుక, ఆ వరుసలో మనవాళ్లు ఏ మాట చెప్పడానికి నిలబడాలన్నది మనకు పరాయి విషయం కాదు.

ఈ వివాదానికి అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. ఫిలడెల్ఫియాకు దగ్గరలోని మౌంట్ లారెల్‌లో స్ప్రింగ్‌విల్ అనే నల్లజాతీయుల వాడ ఉండేది. తరాలుగా ఆ నేలనే నమ్ముకున్న కుటుంబాలు అక్కడ పాడుబడిన గుడిసెల్లో, ఇళ్లుగా మార్చిన కోళ్ల షెడ్లలో కాపురం ఉండేవి. తమకోసం 36 అపార్ట్‌మెంట్లు కట్టుకోవడానికి జోనింగ్ (ఏ నేలలో ఏం కట్టవచ్చో నిర్ణయించే నిబంధనల) అనుమతి ఇమ్మని వారు టౌన్‌షిప్‌ను, అంటే ఊరి స్థానిక ప్రభుత్వాన్ని, అడిగారు. 1970లో మేయర్ స్వయంగా వారి చర్చికి వచ్చి, ఇక్కడ బతికే స్తోమత లేనివాళ్లు ఊరు విడిచి వెళ్లవలసిందేనని తేల్చి చెప్పాడు. ఆ మాట విన్న వారిలో ఎథెల్ లారెన్స్ అనే ఉపాధ్యాయురాలు ఒకరు. తొమ్మిదిమంది బిడ్డల తల్లి అయిన ఆమె వాది కావడానికి ఒప్పుకోవడంతో 1971లో దావా దాఖలైంది. జోనింగ్ అధికారం ఊరి సొంతం కాదని, అది రాష్ట్రం ఇచ్చినదని, కనుక ఆ ప్రాంత ప్రజలందరి సంక్షేమానికి ఉపయోగపడవలసిందేనని, పేద, మధ్యతరగతి వారి ఇళ్ల అవసరంలో ప్రతి ఊరూ తన న్యాయమైన వంతు మోయాలని 1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

తీర్పు తర్వాత టౌన్‌షిప్ ఏం చేసిందన్నదే మేము పాఠకుల దృష్టికి ముఖ్యంగా తేదలచిన సంగతి. దాదాపు 14 వేల ఎకరాల ఊరిలో మూడు ముక్కలుగా 20 ఎకరాలు మాత్రమే ఈ ఇళ్ల కోసం కేటాయించింది. అవి కూడా కట్టడానికి అనువు కాని జాగాలు. ఎనిమిదేళ్లు గడిచినా వాటి మీద పేదవాడి ఇల్లు ఒక్కటీ లేవలేదు. కోర్టు ఆజ్ఞను కాదనకుండానే దాన్ని వమ్ము చేసే ఉపాయం అది. 1983లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టి, బాధ్యత నెరవేర్చని ఊరి మీద బిల్డర్ దావా వేసి గెలిస్తే, తగినన్ని అందుబాటు ఇళ్లు కలిపి కట్టే షరతు మీద అనుమతి పొందే దారి తెరిచింది. బిల్డర్స్ రెమెడీ అని నేటికీ మేయర్లు జంకుతూ పలికేది దానినే. 1985లో రాష్ట్ర శాసనసభ ఊళ్ల ఈ బాధ్యత మీద చట్టం చేసింది. 2024 మార్చిలో దాన్ని సమూలంగా సవరించింది. దాని ప్రకారం 2025 నుంచి పదేళ్లలో రాష్ట్రమంతటా దాదాపు 85 వేల కొత్త అందుబాటు ఇళ్లకు ఊళ్లు చోటు చూపాలి.

అంటే ఇళ్లు రావాలా వద్దా అన్న ప్రశ్న ముగిసింది. ఊరి చేతిలో మిగిలింది ఎక్కడ, ఎలా అన్నవే. అవి చిన్న అధికారాలు కావు. రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లగల దూరంలోనా, హైవే పక్కన దుమ్ములోనా అన్నది ఒక కుటుంబం రోజును, ఒక బిడ్డ చదువును నిర్ణయిస్తుంది. అయితే చాలా ఊళ్లు ఈ అధికారాన్ని గడువు తరుముకొచ్చేదాకా వాడవు. వాడినప్పుడు మిగిలిపోయిన నేలను చూపిస్తాయి, ఆపైన ఆ నేల బాగాలేదనే వంకతోనే ప్రతిపాదనను అడ్డుకుంటాయి.

సంపన్నుల ఊరుగా పేరున్న మిల్‌బర్న్‌లో జరిగింది ఇందుకు తగిన ఉదాహరణ. టౌన్‌షిప్ ప్రజాపనుల విభాగం వాడుకునే స్థలంలో 75 అందుబాటు అపార్ట్‌మెంట్లకు చోటిస్తామని 2021లో ఒప్పందం కుదిరింది. తర్వాత వచ్చిన పాలకవర్గం, అది ఒకప్పటి చెత్త డంపు కనుక మట్టి కలుషితమై ఉంటుందంటూ వెనక్కి తగ్గజూసింది. మాట ఇచ్చాక తప్పడం కుదరదని కోర్టు చెప్పవలసి వచ్చింది. మట్టి గురించిన ఆందోళనను మేము తేలిగ్గా కొట్టిపారేయడం లేదు. పేదవారి పిల్లలు విషం మీద ఆడుకోవాలని ఎవరూ కోరరు. కానీ 75 కుటుంబాల కోసం ఊరంతా వెతికి డంపు జాగానే ఎంచింది ఎవరు? ఆందోళన నిజమైతే మట్టిని శుభ్రం చేయించాలి, లేదా అంతకంటే మంచి చోటు చూపించాలి. రెండూ చేయకుండా ఏళ్లు గడపడాన్ని ఆరోగ్యం మీద శ్రద్ధ అనలేము.

ఊరు ఒకచోట, వాడ ఒకచోట అన్న అమరిక తెలుగువారికి ఎవరూ బోధించనక్కరలేదు. చెరువుకు దూరంగా, శ్మశానానికి దగ్గరగా ఎవరి ఇళ్లు ఉండేవో, ఆ చోటు ఎవరు నిర్ణయించారో మన పెద్దలకు తెలుసు, మనకూ తెలుసు. సముద్రాలు దాటి వచ్చాక కూడా అదే గీతను ఇంగ్లీషు మాటల్లో గీయడానికి మనం చేయి కలపకూడదు.

ఇల్లు కొన్నవారి భయాలు కల్పితాలని మేము అనడం లేదు. అమెరికాలోకెల్లా ప్రాపర్టీ ట్యాక్స్ భారం ఎక్కువగా ఉన్నది న్యూజెర్సీలోనే. సగటు బిల్లు 2024లో 10 వేల డాలర్లు దాటింది. అందులో పెద్ద భాగం బడులకే పోతుంది. బడి కోసమే ఆ ఊరిని ఎంచుకుని, జీతంలో సగం ఇంటి వాయిదాకు కట్టే కుటుంబం, తరగతిలో పిల్లలు పెరుగుతారంటే కలవరపడటం సహజం. ఆ కలవరానికి అనుభవం ఇచ్చిన జవాబు మౌంట్ లారెల్‌లోనే ఉంది. ఎథెల్ లారెన్స్ పేరిట 100 ఇళ్లు 2000 సంవత్సరంలో మొదలయ్యాయి, తర్వాత మరో 40 చేరాయి. అనుమతుల దశలో అక్కడా ఇవే భయాలు వ్యక్తమయ్యాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ సామాజికశాస్త్రవేత్త డగ్లస్ మాసీ బృందం ఆ తర్వాతి పరిస్థితిని ఇరుగుపొరుగు ఊళ్లతో పోల్చి చూసి, ఆ ఇళ్ల వల్ల నేరాలు పెరగలేదని, ఇళ్ల ధరలు పడిపోలేదని, పన్నుల భారమూ పెరగలేదని తేల్చింది. చుట్టుపక్కల నివసిస్తున్న వారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి అక్కడ అలాంటి ఇళ్లున్నాయన్న సంగతే తెలియదని కూడా ఆ అధ్యయనంలో బయటపడింది. వాటిని చూడటానికి ఎథెల్ లారెన్స్ మాత్రం మిగలలేదు. ఆమె 1994లో కన్నుమూశారు.

చట్టంలో లోపాలు లేకపోలేదు. బిల్డర్ దావా గెలిచిన చోట సాధారణంగా ఐదింట ఒక ఇల్లే అందుబాటు ధరకు వస్తుంది. మిగిలిన నాలుగూ బజారు ధరవే కావడంతో ఊరికి అవసరమైనదానికంటే పెద్ద భవనం లేస్తుంది, జనం కోపం మాత్రం ఆ ఒక్క ఇంటి మీదకు మళ్లుతుంది. లాభాపేక్ష లేని సంస్థలకు స్థలమిచ్చి, మొత్తం అందుబాటు ఇళ్లే కట్టిస్తే తక్కువ కట్టడంతో బాధ్యత తీరుతుంది. ముందే పూనుకున్న ఊరికి ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఇక పిల్లలు రాకుండా చూసుకోవడానికి వృద్ధుల ఇళ్లతోనే లెక్క నింపే అలవాటు ఒకటుంది. దాన్ని 30 శాతానికి మించనీయకుండా కొత్త చట్టం కట్టడి చేయడం సబబే. మాంట్‌వేల్ అనే ఊరు ముందుండి నడిపించగా పలు ఊళ్లు ఈ చట్టాన్ని కోర్టులో సవాలు చేశాయి. అమలు నిలిపేయడానికి 2025 జనవరిలో జడ్జి నిరాకరించారు. న్యాయవాదుల ఫీజులకు పోసే డబ్బు కూడా ప్రాపర్టీ ట్యాక్స్ చెల్లించేవారిదేనని పన్ను భారం గురించి మాట్లాడేవారు గుర్తించాలి.

ఈ ఇళ్లు ఎవరికి? ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు సంపాదించే కుటుంబాలకు. భారతీయ హోటళ్లు, దుకాణాలు ఉండే ఓక్ ట్రీ రోడ్డులో మనకు దోసె పోసే వంటమనిషి, డేకేర్‌లో మన బిడ్డకు అన్నం తినిపించే ఆయా, నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ చేసే సహాయకురాలు ఆ జీతాలవారే. వచ్చిన కొత్తలో ఎడిసన్ అపార్ట్‌మెంట్‌లో నలుగురు కలిసి ఒకే ఫ్లాట్‌లో అద్దె పంచుకున్న రోజులు మనలో ఎందరికో గుర్తే. ఆ అపార్ట్‌మెంట్లు కూడా ఒకప్పుడు ఏదో ఒక ప్లానింగ్ బోర్డు అనుమతితో లేచినవే.

ఊళ్లు తమ ప్రణాళికలను ఆమోదించడానికి 2025 జూన్ 30ని, వాటికి తగ్గట్టు జోనింగ్ ఆర్డినెన్సులు మార్చడానికి 2026 మార్చి 15ను చట్టం గడువుగా పెట్టింది. ఆ తర్వాత ఒక్కో స్థలానికి ఒక్కో సైట్ ప్లాన్ (అక్కడ కట్టబోయే కట్టడం నమూనా) విచారణ ఉంటుంది. తెలుగు సంఘాలు తమ సభ్యులకు ఆ తేదీలు ముందుగా తెలియజేయాలి. మైకు ముందు నిలబడేవారు బస్టాపు ఎంత దూరమో అడగాలి, పిల్లలకు కాలిబాట ఉందా అని అడగాలి, మట్టి పరీక్షల నివేదిక చూపించమనాలి, మురుగు పైపు సామర్థ్యం గురించి నిలదీయాలి. అవన్నీ అడిగాక, ఈ ఇళ్లు మా ఊళ్లో కట్టండి అని కూడా రికార్డులో చెప్పి రావాలి.